గూడు దగ్గర మాత్రం కెమెరా వద్దు

పక్షుల ఫోటోలకి పెద్ద లెన్స్ కంటే ఓపిక ముఖ్యమని ఒకరు రాశారు, నూటికి నూరు పాళ్లు నిజం. ఒక్క మాట కలపాలనిపించింది. గూడు జోలికి మాత్రం వెళ్లొద్దు. ఫోటో కోసం అడ్డొచ్చిన కొమ్మలు పక్కకి జరిపితే గూడు కాకుల కంట పడుతుంది. తల్లి భయపడి లేచిపోతే గుడ్లు చల్లబడిపోతాయి.

లకుముకి పిట్ట కోసం నేను చెరువు గట్టున బోర్లా పడుకుని, కెమెరా దాని కంటి ఎత్తుకి దించి, షటర్ వేగం సెకనులో రెండు వేలో వంతు (1/2000) దగ్గర పెట్టి మూడు ఉదయాలు ఎదురుచూశాను. మూడో రోజు వచ్చింది. చేపని కొమ్మకేసి కొట్టి, తలవైపు నుంచి మింగింది. ముక్కు చివర నీటి చుక్క ఇంకా వేలాడుతోంది!

ఆ ఫోటో చూసే ఇప్పుడు బొమ్మ వేస్తున్నాను. వీపు మీది నీలం ఎంతకీ పట్టుబడటం లేదు. అది రంగు పదార్థం కాదు, ఈక లోపలి సన్నని నిర్మాణంలో వెలుగు చెదిరి పుట్టే నీలం.