కొబ్బరాకు కదిలితే బిట్లు చాలవు

గోదావరికి వరద వస్తే చాలు, ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ఫోన్లు పైకి లేస్తాయి, యూట్యూబ్ లైవ్‌లు మొదలవుతాయి. లంకల్లో ఉన్నవాళ్లూ, బతుకుతెరువుకు కువైట్, మస్కట్ వెళ్లినవాళ్లూ వాటికే అతుక్కుపోతారు. వాళ్ల కళ్లు వెతికేది గేజి మీద, అంటే నీటిమట్టం చూపే కొలపలక మీద అంకెను. 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. తీరా తెర మీద చూస్తే ఎర్రనీళ్ల సుడులు ఓ మాదిరిగా కనిపిస్తాయి, అంకెలు మాత్రం అలికేసినట్టు ఉంటాయి.

తిట్లన్నీ సిగ్నల్‌కే పడతాయి. వాటిలో సగం ఎన్‌కోడర్‌కు, అంటే వీడియోను కుదించి పంపే సాఫ్ట్‌వేర్‌కు దక్కాలి. ఏ దృశ్యానికైనా ఒకే బిట్‌రేట్, అంటే సెకనుకు పంపే డేటా కొలత, పెట్టి వదిలేసేవాళ్లకూ కొంత వాటా ఉంది.

ఎన్‌కోడర్ ప్రతి ఫ్రేమ్‌నూ గళ్లుగా కోస్తుంది. ఒక్కో గడికీ ఒకటే ప్రశ్న: ఇది ఇంతకుముందు ఫ్రేమ్‌లో ఎక్కడుంది? దొరికితే ‘అక్కడి నుంచి తెచ్చుకో’ అని చెప్పి, మిగిలిన తేడాను మాత్రం పంపుతుంది. ఆ తేడాను తరంగాలుగా విడగొట్టే లెక్కను 1974లో నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె.ఆర్. రావు ప్రచురించారు. నేటి కోడెక్‌లు, అంటే వీడియోను కుదించి విప్పే పద్ధతులు, ఇంకా దాని మీదే, దాని చుట్టాల మీదే నడుస్తున్నాయి. చివరగా వచ్చిన అంకెలను మోటుగా గుండ్రం చేస్తారు. ఎంత మోటుగా చేస్తే అన్ని బిట్లు ఆదా, బొమ్మ అంత మసక.

ఇక్కడ అడుగడుగునా ఎంపికలే. గడిని పెద్దగా ఉంచాలా, చీల్చాలా? పాత ఫ్రేమ్ నుంచి తేవాలా, పక్క గడిని చూసి ఊహించాలా? ఎంత మోటుగా గుండ్రం చేయాలి? 2003 నాటి హెచ్.264 అనే కోడెక్‌లో పెద్ద గడి 16x16 చుక్కలు (పిక్సెళ్లు), 2013 నాటి హెచ్.265లో 64x64, 2018లో వచ్చిన ఏవీ1లో 128x128. గడి పెద్దదయ్యే కొద్దీ దాన్ని ఎన్ని రకాలుగా చీల్చవచ్చో ఆ లెక్కా పెరుగుతుంది. ఒక్కో దారిలో బొమ్మ ఎంత చెడుతుంది, బిట్లు ఎన్ని పోతాయి అని తూచి చూసి ఎన్‌కోడర్ ఒకటి ఎంచుకుంటుంది. అసలు విషయమేమిటంటే, ఈ ప్రమాణాలన్నీ వీడియోను ఎలా విప్పాలో మాత్రమే నిర్ణయిస్తాయి. ఎలా కుదించాలన్నది తయారుచేసేవాళ్ల ఇష్టం. అందుకే ఇరవై ఏళ్ల కిందటి హెచ్.264నే మంచి ఎన్‌కోడర్‌తో చేస్తే అప్పటికన్నా తక్కువ బిట్లలో మెరుగ్గా వస్తుంది, పాత ఫోన్‌లోనూ ఆడుతుంది.

స్టూడియోలో యాంకర్ వార్తలు చదువుతుంటే వెనకున్న గోడ కదలదు. ఆ గళ్లకు ‘అలాగే ఉంచు’ అంటే సరిపోతుంది, ఖర్చు దాదాపు సున్నా. మన కోనసీమ అలా కాదు. గాలికి కొబ్బరి మట్ట ఊగితే ప్రతి ఈనె తన దారిన తాను కదులుతుంది, పాత ఫ్రేమ్‌లో దానికి జోడీ దొరకదు. కాలవ నీళ్ల మీద ఎండ తళుక్కుమంటే ఆ మెరుపు అంతకుముందు ఎక్కడా లేదు. ఇక వాన సంగతి చెప్పక్కర్లేదు. పర్యాటక పోస్టర్ల మీద అందమని చూపించేవన్నీ ఎన్‌కోడర్‌కు గండాలే. కనుమ నాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం లైవ్ చూడండి: రంగురంగుల ప్రభలు, వేల తలకాయలు, లేచిన దుమ్ము. స్టూడియోకు సరిపోయే బిట్‌రేట్ అక్కడ చేతులెత్తేస్తుంది.

ఒకే కొలత అందరికీ పనికిరాదని నెట్‌ఫ్లిక్స్ 2015లోనే ఒప్పుకుంది. అంతకుముందు సెకనుకు 235 కిలోబిట్ల నుంచి 5,800 కిలోబిట్ల దాకా ఒకే బిట్‌రేట్ల నిచ్చెన, ఏ సినిమాకైనా అవే మెట్లు. కార్టూన్‌కు పై మెట్టు దండగ, ఇసుక పోసినట్టు గ్రెయిన్ ఉన్న సినిమాకు అదీ చాలదు. అందుకని సినిమాకో నిచ్చెన వేశారు, 2018 నాటికి షాట్ షాట్‌కూ విడిగా లెక్క కట్టారు. లైవ్‌కు ఆ తీరుబడి ఉండదు. రాబోయే షాట్ ఏమిటో ఎన్‌కోడర్‌కు తెలియదు, కొద్ది ఫ్రేముల దూరమే ముందుకు చూడగలదు.

కొత్త కోడెక్ వస్తే అన్నీ చక్కబడతాయనే మాట నేను నమ్మను. ఏవీ1 గొప్పదే. కానీ చవక ఫోన్లలో చాలావాటికి దాన్ని విప్పే చిప్ లేదు. ప్రాసెసర్ మీదే నడిపిస్తే ఫోన్ కాలుతుంది, చార్జింగ్ కరిగిపోతుంది. వరదల్లో కరెంటు పోయిన లంకలో చార్జింగే అసలు టెన్షన్. అక్కడి చూపరికి పాత కోడెక్‌లోనే తెలివైన ఎంపికలు ఎక్కువ మేలు చేస్తాయి.

అయితే ఆ తెలివికీ ఒక గుడ్డితనం ఉంది. గజిబిజిగా ఉన్న చోట మసకబారినా కన్ను పట్టుకోదు, నున్నటి ఆకాశంలో చిన్న మచ్చ కూడా తెలిసిపోతుంది. కాబట్టి ఎన్‌కోడర్లు గజిబిజి గళ్ల నుంచి బిట్లు తీసి నున్నటి గళ్లకు ఇస్తాయి. సినిమాకు ఇది సరైన పద్ధతే. గేజి దగ్గరే తిరగబడుతుంది. నల్ల గీతలు, తెల్ల గీతలు, అంకెలు ఉన్న ఆ పలకను ఎన్‌కోడర్ ‘గజిబిజి’ అనుకుంటుంది. జనం చూడాలనుకున్న చోటే కోత పడుతుంది. నాణ్యతకు ఒక మార్కు వేసే లెక్కలదీ ఇదే ఇబ్బంది. 2016లో నెట్‌ఫ్లిక్స్ బయటపెట్టిన వీమ్యాఫ్ ఫ్రేమ్ మొత్తానికి మార్కు ఇస్తుంది. మూలన ఉన్న అంకె చదవడానికి వచ్చిందా లేదా అన్నది అందులో లేదు.

కాబట్టి ఏది ముఖ్యమో మనిషే చెప్పాలి. ‘ఈ చోటుకు కోత వద్దు’ అని గుర్తు పెట్టే వీలు చాలా ఎన్‌కోడర్లలో ఇప్పటికే ఉంది, లైవ్ యాప్‌లలో మాత్రం ఆ మీట కనిపించదు. అది వచ్చేదాకా ఫోన్‌ను ట్రైపాడ్ మీద పెట్టడం మేలు. చెయ్యి వణక్కపోతే, జూమ్ చేయకపోతే, కదలని గేజి గళ్లు ఒకసారి స్పష్టంగా వెళ్లాక అలాగే నిలిచిపోతాయి, బిట్లు నీళ్లకు మిగులుతాయి. సెకనుకు 30 ఫ్రేములు కూడా వరదకు అక్కర్లేదు, 15 చాలు.

2022 జూలైలో బ్యారేజీ దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు కూడా మట్టం గంటల మీద మారిందే తప్ప సెకన్ల మీద కాదు. అలాంటప్పుడు గేజికి అసలు వీడియో ఎందుకు? పావుగంటకో ఫొటో, వంద కిలోబైట్ల లోపుది, కింద టైము వేసి వాట్సాప్ గ్రూపులో పెడితే ఒక గీత సిగ్నల్ ఉన్న ఫోన్‌కైనా చేరుతుంది.