ఆటగాళ్లకు విశ్రాంతి పడదు

ఫుట్‌బాల్ నడిపే పెద్దలు డబ్బు తప్ప ఇంకేదీ చూడరని ఊరికే ఆడిపోసుకుంటాం. 2020 లాక్‌డౌన్‌లో వాళ్లు వైద్యశాస్త్రానికి చేసిన సేవను మాత్రం ఎవరూ గుర్తించలేదు. ఆటగాడి ఒంటికి విశ్రాంతి పడదని కనిపెట్టింది వాళ్లే.

ఆధారాలు లేకపోలేదు. మార్చి 13న ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్, జర్మనీ బుందెస్‌లిగా రెండూ ఆగిపోయాయి. కోట్లు పలికే కాళ్లు సోఫా ఎక్కాయి. పరుగు ఆపిన కొద్ది రోజులకే రక్తంలోని ద్రవభాగం, అంటే ప్లాస్మా, తగ్గుతుంది. గుండె ఒక్కోసారి పంపే రక్తం తగ్గి, ఆయాసం ముందే వచ్చేస్తుంది. వారాలు గడిచేకొద్దీ కండరాల్లో ఆక్సిజన్ వాడుకునే మైటోకాండ్రియా కూడా పై అధికారి లీవు పెట్టిన ఆఫీసులా తయారవుతుంది.

క్లబ్బులు కంగారుపడి ఇళ్లకు వ్యాయామ సైకిళ్లు పంపాయి. బయెర్న్ మ్యూనిక్ వీడియోకాల్‌లోనే ట్రైనింగ్ పెట్టింది. సైకిల్ గుండెకు మంచిదే. కానీ తొడ వెనక ఉండే హ్యామ్‌స్ట్రింగ్‌కు అసలు పరీక్ష పూర్తి వేగంతో ఉరికి, ఠక్కున ఆగి, పక్కకు తిరిగినప్పుడు ఎదురవుతుంది. హాల్లో ఆ పని చేస్తే టీవీ పగులుతుంది. మెస్సీ అంతటివాడు టాయిలెట్ పేపర్ చుట్టను కాలితో ఎగరేస్తూ వీడియో పెట్టాడు. అది ఏ కండరానికి వ్యాయామమో ఇంకా తేలలేదు.

లండన్ క్లబ్బు టాటెన్‌హామ్‌కు అప్పటి కోచ్ మౌరిన్యో ఆగలేక, తన ఆటగాడు ఎన్‌డోంబెలేను లండన్‌లో ఓ పార్కుకు పట్టుకెళ్లి ట్రైనింగ్ ఇచ్చాడు. లాక్‌డౌన్ నిబంధన తప్పానని తర్వాత ఒప్పుకున్నాడు. జర్మనీ క్లబ్బు ఆగ్స్‌బర్గ్‌కు అప్పటి కోచ్ హైకో హెర్లిష్‌ది ఇంకో కథ. క్వారంటైన్ హోటల్ నుంచి టూత్‌పేస్టు కొనడానికి బయటికెళ్లి, ఆ సంగతి విలేకరులకు తనే చెప్పి, బుందెస్‌లిగా మళ్లీ మొదలైన మే 16న మ్యాచ్‌కు దూరమయ్యాడు. పళ్లు తోముకోవాలన్న కోరిక ఇంత ఖరీదైనదని ఎవరనుకున్నారు?

పెద్దల సిద్ధాంతానికి గిట్టని సాక్ష్యాలూ కొన్ని ఉన్నాయి, దాచను. ఇంగ్లండ్ ఆటగాళ్లలో, జనవరిలో హ్యామ్‌స్ట్రింగ్ తెగిన హ్యారీ కేన్, వెన్నెముక చిట్లిన రాష్‌ఫర్డ్ జూన్‌కల్లా కోలుకుని మైదానంలోకి దిగారు. చెయ్యి విరిగిన సన్ హ్యుంగ్ మిన్ అయితే ఈ ఖాళీలో కొరియా వెళ్లి మూడు వారాల సైనిక శిక్షణ కూడా ముగించుకొచ్చాడు. బయెర్న్ ఆటగాడు గొరెట్స్‌కా కండలు పెంచి, వేరే మనిషిలా తిరిగొచ్చాడు. వీటిని మినహాయింపులుగా పక్కన పెట్టడమే క్షేమం. ఖాళీ ఇస్తే గాయాలు మానుతాయని ఒప్పుకుంటే, రేపు ఖాళీ ఇవ్వాల్సి వస్తుంది.

ఇక వైద్యం. మూడు నెలలు కూర్చున్న ఒంటిని మ్యాచ్‌కు సిద్ధం చేయడానికి ఎన్నాళ్లు కావాలన్నది డాక్టర్లను అడగాల్సిన ప్రశ్న. టీవీ ఒప్పందాలను అడిగితే జవాబు త్వరగా వస్తుంది. ఇంగ్లండ్‌లో ఒకరినొకరు తాకే ట్రైనింగ్‌కు మే 27న అనుమతి దొరికింది, జూన్ 17న మ్యాచ్‌లు మొదలయ్యాయి. ఆ రోజు మాంచెస్టర్ సిటీ మీద ఆడిన ఆర్సెనల్, అరగంట గడవకుండానే గాయాలతో ఇద్దరిని పోగొట్టుకుంది. దురదృష్టం, అంతే.

ఒళ్లు సహకరించని వాళ్ల కోసం ముగ్గురికి బదులు ఐదుగురు సబ్‌స్టిట్యూట్‌లను వాడుకోవచ్చని ఆ మేలోనే తాత్కాలికంగా ఒప్పుకున్నారు. 2022లో దాన్నే శాశ్వతం చేశారు. దయగల నిర్ణయమే. దాని వెనకే లెక్క కూడా వచ్చింది: ఐదుగురిని మార్చుకునే వీలుంది కాబట్టి ఇంకాస్త ఎక్కువ ఆడించవచ్చు. యూరప్ మేటి క్లబ్బులు తలపడే చాంపియన్స్ లీగ్ 2020 ఫైనల్ ఆగస్టు 23న ముగిస్తే, సెప్టెంబర్ 12న ప్రీమియర్ లీగ్ కొత్త సీజన్ తెరిచారు. 2024 నుంచి చాంపియన్స్ లీగ్ తొలి దశలో ఒక్కో జట్టుకు ఆరు మ్యాచ్‌లు ఎనిమిదయ్యాయి. 2025 వేసవిలో కుర్రాళ్లు మళ్లీ ఎక్కడ సోఫా ఎక్కుతారోనన్న టెన్షన్‌తో కాబోలు, ఫిఫా 32 జట్లతో క్లబ్ ప్రపంచకప్ పెట్టింది.

ఇంత చేసినా కృతజ్ఞత లేదు. 2024 సెప్టెంబర్‌లో మాంచెస్టర్ సిటీ మిడ్‌ఫీల్డర్ రోడ్రి, మ్యాచ్‌లు ఇలా పెరిగితే ఆటగాళ్ల సమ్మె ఎంతో దూరంలో లేదన్నాడు. వారం తిరక్కుండానే ఆర్సెనల్‌తో ఆడుతూ మోకాలి లిగమెంట్ తెగింది. అడిగిన వారంలోపే నెలల తరబడి సెలవు మంజూరైంది. ఆటగాళ్ల మొర ఎవరూ ఆలకించరని ఇప్పటికీ అంటున్నారు.