బర్రెకు ఇచ్చే సూదిమందు సోరకాయకు ఎక్కదు

ఈ వానాకాలం మొదలైనప్పటి నుంచి హనుమకొండ, పరకాల, నర్సంపేట వైపు వాట్సాప్ గ్రూపులలో ఒక సందేశం తిరుగుతున్నది. దాని సారాంశం ఇది: మొక్కలకూ మనకున్నట్టే నరాలు ఉన్నాయి, అత్తిపత్తే అందుకు సాక్ష్యం, జగదీశ్ చంద్ర బోస్ ఆ సంగతిని ఏనాడో రుజువు చేశారు, మొక్కల హార్మోన్లూ మన హార్మోన్లూ ఒకటే కాబట్టి బర్రె చేపడానికి ఇచ్చే సూదిమందును సోరకాయకు ఎక్కిస్తే తెల్లారేసరికి రెట్టింపవుతుంది, పంటలకు కొట్టే హార్మోన్ మందులు తిండి ద్వారా ఒంట్లో చేరి ఆడపిల్లలు చిన్నతనంలోనే పెద్దమనుషులవుతున్నారు. నేను డిగ్రీ కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పి విరమణ పొందినవాణ్ణి కనుక బంధువులు, పాత విద్యార్థులు దీన్ని నాకే పంపి "నిజమేనా సార్" అని అడుగుతున్నారు. అందరికీ కలిపి ఒకేసారి జవాబు రాస్తున్నాను.

మొదట అత్తిపత్తి. వేలు తగలగానే ఆకులు ముడుచుకుంటాయి, ఆ తాకిడి వార్త విద్యుత్ తరంగంగా పక్క ఆకులకు పోతుంది, ఇందులో అబద్ధం లేదు. బోస్ తన పరికరాలతో కొలిచింది ఆ తరంగాన్నే. 1926లో ఆయన వెలువరించిన పుస్తకం పేరులోనే మొక్కల నాడీ యంత్రాంగం అన్న అర్థం ఉన్నది కనుక సందేశం రాసినవారు ఆ మాటను పుట్టించారని నేను అనను. అయితే విద్యుత్ తరంగం ఉన్నంత మాత్రాన నరం ఉన్నట్టు కాదు. నరకణం ఆ ఒక్క పనికే తయారైన కణం. దాని పొడవాటి తంతువు మీదుగా వార్త పరుగెత్తి, చివరన ఉన్న సన్నని ఎడంలోకి ఒక రసాయనాన్ని వదిలి, అవతలి కణాన్ని లేపుతుంది. మొక్కలో అటువంటి కణమూ లేదు, వార్తలన్నీ వచ్చి చేరే మెదడూ లేదు. అత్తిపత్తిలో తరంగం నాళాల వెంట ఉండే కణాల గుండా సెకనుకు రెండు మూడు సెంటీమీటర్ల చొప్పున నడుస్తుంది. మన వేగమైన నరాలలో వార్త సెకనుకు వంద మీటర్ల దాకా పోతుంది. ఆకు వాలడం కూడా కండరం పని కాదు. ఆకు మొదట్లో ఉబ్బుగా కనిపించే కీలులో ఒక పక్క కణాలు పొటాషియంను, దాని వెంట నీటిని బయటికి వదిలేస్తాయి, గాలి తీసిన సైకిల్ ట్యూబులాగా ఆ పక్క మెత్తబడి ఆకు వాలుతుంది. నీరు తిరిగి నిండి ఆకు లేవడానికి పది పదిహేను నిమిషాలు పడుతుంది.

సందేశానికి జత చేసిన వీడియోలో ఆకును గొంగళిపురుగు కొరకగానే మొక్కంతా ఒక వెలుగు పాకుతుంది, కింద "మొక్క ఏడుస్తున్నది" అని రాసి ఉన్నది. వీడియో అసలైనదే. గాయం దగ్గర గ్లుటమేట్ విడుదలై, కాల్షియం అల ఒకటి మిగతా ఆకులకు చేరుతుందని 2018లో పరిశోధకులు చూపించారు, గ్లుటమేట్ మన మెదడులో కూడా వార్తలు మోసేదే. కానీ అల చేరిన ఆకు ఏడవదు. జాస్మోనిక్ ఆమ్లం అనే హార్మోన్ తయారుచేసుకుని, పురుగు కడుపులో అరుగుదలను చెడగొట్టే పదార్థాలు పోగేసుకుంటుంది.

మొక్కకు నరం ఉన్నదో లేదో తేల్చడానికి ప్రయోగశాల దాకా పోనక్కరలేదు, పత్తి చేను చాలు. మోనోక్రోటోఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందు చేసే పని ఒకటే: నరం చివర విడుదలైన అసిటైల్‌కోలిన్ అనే వార్త మోసే రసాయనాన్ని ఎప్పటికప్పుడు విరగ్గొట్టే ఎంజైమును పట్టి ఆపుతుంది. దాంతో ఒకసారి మొదలైన పిలుపు ఆగనే ఆగదు, పురుగు గిలగిలలాడి చస్తుంది. ముక్కుకు గుడ్డ లేకుండా గాలికి ఎదురుగా కొట్టిన రైతుకూ అదే జరుగుతుంది. కంటిపాప సూదిమొనంత అవుతుంది, నోట చొంగ కారుతుంది, కండరాలు అదురుతాయి, ఆస్పత్రిలో విరుగుడుగా అట్రోపిన్ ఎక్కించవలసి వస్తుంది. ఆకు అడుగు దాకా అదే మందుతో తడిసిన పత్తి మొక్క మాత్రం నిక్షేపంగా నిలబడి ఉంటుంది. దానిలో ఆ విషం దెబ్బతీయడానికి నరాలే లేవు.

హార్మోన్లు ఒకటేనన్న మాట పేరు వల్ల వచ్చిన చిక్కు. కుక్క పేగుకు పోయే నరాలను కోసేసినా, పేగులో ఆమ్లం పడగానే క్లోమం రసాన్ని ఊరిస్తున్నదని 1902లో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు శరీరధర్మ శాస్త్రజ్ఞులు గమనించారు; వార్త నరం మీద కాకుండా రక్తంలో పోతున్నదని తేలింది. అలాంటి రసాయనాలకు స్టార్లింగ్ 1905లో హార్మోన్ అన్న పేరు వాడారు, ఆ పేరునే తరువాత వృక్షశాస్త్రజ్ఞులు అరువు తెచ్చుకున్నారు. ఊరిలో ఇద్దరు మల్లయ్యలున్నంత మాత్రాన ఇద్దరూ ఒకే మనిషి కారు. ఒక హార్మోన్ పని చేయాలంటే దాన్ని పట్టుకునే గ్రాహక ప్రోటీన్ ఆ కణంలో ఉండాలి, అది లేని చోట హార్మోన్ చేరినా ఆ వార్త అందదు. మొక్కలను సాగదీసే ఆక్సిన్ మన ఒంట్లోనూ కొద్దిగా తయారై మూత్రంలో పోతుంది. నిజానికి 1934లో కోగల్ అనే రసాయనశాస్త్రజ్ఞుడి బృందం ఆ పదార్థాన్ని వేరుచేసింది మనుషుల మూత్రం నుంచే. అయినా మనమెవరమూ సోరతీగలాగా పందిరి ఎక్కడం లేదు.

మొక్కకూ మొక్కకూ మధ్యనే ఎంత తేడా ఉంటుందో నాలుగేళ్ల కింద మా చేనులోనే చూశాను. పక్క మక్క చేనులో కలుపుకు 2,4-డి కొట్టారు, అది ఆక్సిన్‌ను పోలిన మందు. గాలికి తుంపర్లు మా పత్తి మీద పడ్డాయి. ఆ తరువాత వచ్చిన లేత ఆకులన్నీ బెండాకుల్లా వేళ్లు వేళ్లుగా చీలి, ఈనెలు దగ్గరపడి, చేయి ముడిచినట్టు తయారయ్యాయి. మందు నేరుగా పడిన మక్క మాత్రం మామూలుగానే పెరిగింది.

ఇక అసలు మాట, సోరకాయకు సూది. అందులోది ఆక్సిటోసిన్, తొమ్మిది అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. 1953లో దాన్ని కృత్రిమంగా తయారుచేసిన విన్సెంట్ డు విన్యో 1955లో రసాయనశాస్త్ర నోబెల్ అందుకున్నారు. అది చేసే పనిని పొద్దున్నే పాకలో చూడవచ్చు. దుడ్డెను విడిచినప్పుడు అది పొదుగును కుమ్మి కుమ్మి చప్పరిస్తుంది. చన్నులోని నరాలు ఆ వార్తను వెన్నుపాము మీదుగా మెదడుకు చేరవేస్తాయి, మెదడు అడుగున ఉన్న పీయూష గ్రంథి నుంచి ఆక్సిటోసిన్ రక్తంలోకి దిగుతుంది, అది పొదుగుకు చేరి పాల తిత్తుల చుట్టూ ఉన్న సన్నని కండర కణాలను బిగిస్తుంది, అప్పుడు చన్నులు బిర్రబిగుస్తాయి, బర్రె చేపిందంటాము. పోయేటప్పుడు నరం మీద, వచ్చేటప్పుడు రక్తంలో: వార్త ఇట్లా రెండు దారులలో నడవడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తరగతి గదిలో దొరకలేదు. కొత్త మనిషిని చూసి బెదిరిన బర్రె చేపకపోవడం కూడా ఇందులో భాగమే. బెదురులో విడుదలయ్యే అడ్రినలిన్ ఈ పనికి అడ్డం పడుతుంది.

సోరకాయలో పీయూష గ్రంథి లేదు, పాల తిత్తులు లేవు, ఆక్సిటోసిన్‌ను పట్టుకునే గ్రాహకమూ లేదు. పిందె మొదట కణాలను పెంచుకుని, తరువాత ఒక్కో కణంలో నీరు నింపుకుంటూ ఉబ్బుతుంది, ఆ పనికి దానికి ఆక్సిన్, జిబ్బరెల్లిన్ అనే సొంత హార్మోన్లు ఉన్నాయి. పూత నిలిచిన రెండు వారాలలోపే కోతకు వచ్చే కాయ రాత్రికి రాత్రే పెరిగినట్టు కనిపించడంలో వింత లేదు. సూది పొడిచిన చోట మిగిలేది కుళ్లు పట్టడానికి ఒక కంత. బర్రెలకు ఈ సూది అడ్డగోలుగా ఇస్తున్న మాట మాత్రం నిజం. పాల కోసం పశువుకు హాని చేసే సూదులు వేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 12వ సెక్షన్ కింద నేరం. ఆ నొప్పి బర్రెది. ఆక్సిటోసిన్ మన నోట్లోకి వచ్చినా కడుపులోని ఎంజైములు దాన్ని ముక్కలు చేస్తాయి, దాన్ని సూదిగానే ఇవ్వవలసి రావడానికి కారణం అదే.

చివరి ఆరోపణకు ఎక్కువ చోటు అక్కరలేదు. పత్తి ఏపుగా పోకుండా కొట్టే మెపిక్వాట్ క్లోరైడ్‌ను కూడా మనవాళ్లు హార్మోన్ మందే అంటారు. అది జిబ్బరెల్లిన్ తయారీని అడ్డుకుని మొక్కను పొట్టిగా ఉంచుతుంది, పైగా పత్తిని ఎవరూ కూర వండుకోరు. ఆడపిల్ల ఈడేరడం మెదడులోని హైపోథలమస్ నరకణాలు ఒక హార్మోన్‌ను విడతలు విడతలుగా వదలడంతో మొదలవుతుంది; అది పీయూష గ్రంథిని, ఆ గ్రంథి అండాశయాలను లేపుతాయి. ఆ గడియ ముందుకు జరగడంలో ఒంటి బరువుకూ వంశానికీ పాత్ర ఉన్నది, అరుదుగా మెదడులో ఏదైనా జబ్బు కారణమవుతుంది. ఎనిమిదేళ్లు నిండకముందే ఆ గుర్తులు కనిపిస్తే పిల్లను పిల్లల డాక్టరుకు చూపించాలి, ఎందుకంటే ఎముకల ఎదుగుదల ముందే ఆగిపోయి ఆ పిల్ల పొట్టిగా మిగిలే వీలున్నది. దానికి వైద్యం ఉన్నది. సోరకాయ మానిపించి ఊరుకున్న ఇంట్లో ఆ వైద్యం ఆలస్యమవుతుంది.