జోల్‌బుక్ పోయాక మిజో కుర్రాళ్లకు పని అప్పజెప్పిందెవరు?

పూర్వం ఈశాన్యాన మిజోరంలో, మిజో తెగ పల్లెల్లో పెళ్లికాని కుర్రాళ్లు రాత్రిళ్లు ఇంట్లో పడుకునేవారు కాదు. ఊరిపెద్ద ఇంటికి దగ్గర్లో జోల్‌బుక్ అనే పెద్ద పాక ఉండేది, పడక అక్కడే. ఈడు రాని పిల్లలు దానికి రోజూ కట్టెలు మోసుకొచ్చేవారు. వేట, కుస్తీ, ఆపదలో పరుగెత్తడం అక్కడే నేర్చేవారు. తన సుఖం కంటే ముందు ఎదుటివాడి అవసరం చూడాలనే ‘త్లోమ్‌ఙైహ్నా’ అలవాటైంది కూడా అక్కడే.

1894లో లోరెయిన్, సావిడ్జ్ అనే మిషనరీలు వచ్చి మిజో భాషకు రోమన్ లిపి కుదిర్చారు. బడులు వచ్చాక, చదువుకునే పిల్లలు ఇంటి దగ్గరే పడుకోవాలని తల్లిదండ్రులు కోరుకున్నారు. 1938లో బ్రిటిష్ అధికారి మెక్కాల్ జోల్‌బుక్‌లను మూయించాడు. అయితే అంతకు మూడేళ్ల ముందే, 1935 జూన్ 15న, మిషనరీలూ స్థానిక సంఘ పెద్దలూ కలిసి యువజన సంఘం పెట్టారు. నేటి యంగ్ మిజో అసోసియేషన్ అదే. ప్రెస్బిటేరియన్ చర్చి సొంత యువజన విభాగం కె.టి.పి. (క్రిస్టియన్ థలాయ్ పాల్) 1954లో మొదలైంది.

ఈ సంఘాలు నిలబడింది ప్రసంగాల వల్ల కాదు, పని వల్ల. ఊళ్లో ఎవరైనా పోతే గొయ్యి తవ్వేది కుర్రాళ్లే. ఆ ఇంటివాళ్లను ఒంటరిగా వదలకుండా రాత్రిళ్లు తోడుండేదీ వాళ్లే. అప్పుడు పాడేవి లెంగ్‌ఖోమ్ పాటలు: సాగదీసిన రాగం, మధ్యలో ఖువాంగ్ మీద నిదానంగా పడే దెబ్బ. దుంగను తొలిచి రెండు వైపులా తోలు బిగించిన డోలు అది.

ఆ డోలును తొలినాళ్లలో చర్చిలోకి రానివ్వలేదు. ‘జు’ అనే బియ్యపు కల్లు తాగే విందుల్లో మోగేదని అభ్యంతరం. వేల్స్ నుంచి వచ్చిన మిషనరీలు నేర్పిన టానిక్ సోల్ఫా (డో-రే-మి అక్షరాలతో పాట రాసే పద్ధతి) స్వరాలు మిజోలు చక్కగా పట్టుకున్నారు, కానీ ఏడుపు ఆ రాగాల్లో పలకలేదు. 1906 తర్వాత వచ్చిన ఉజ్జీవాల్లో (భక్తి ఊరూరా ఉప్పొంగిన రోజుల్లో), ముఖ్యంగా 1919 నాటికి, జనం డోలును వెనక్కి తెచ్చుకున్నారు. అది చర్చి ఇచ్చిన వరం కాదు, విశ్వాసులు పట్టుబట్టి సాధించుకున్నది.

ఇప్పటి చిక్కు వేరు. యువజన కార్యక్రమం పాటల పోటీగా, ఏటా ఒక మహాసభగా కుదించుకుపోయిన చోట గొయ్యి తవ్వే చేతులు తగ్గుతాయి. హెరాయిన్ సరిహద్దు దాటి వస్తోంది. మద్యనిషేధాన్ని 1997లో పెట్టి, మధ్యలో సడలించి, 2019లో మళ్లీ తెచ్చారు. చట్టం దుకాణం మూయగలదు కానీ, మత్తు మానిన కుర్రాడికి గుంపులో చోటివ్వలేదు. అతణ్ణి సాక్ష్యం చెప్పమని వేదిక ఎక్కించే ముందు పలుగు చేతికివ్వాలి. ఇంకో మాట: 2011 లెక్కల్లో 87 శాతం క్రైస్తవులున్న రాష్ట్రంలో మిజో అంటే క్రైస్తవుడే అన్నట్టు మాట్లాడితే, అక్కడి బౌద్ధ చక్మా కుర్రాళ్లు ఎక్కడ నిలబడాలి?

మన మన్యంలో కోయ, సవర గూడేల్లో యువజన కూటాలు నడిపేవారు మొదటి నెల ప్రసంగాలు పక్కనపెట్టి, చావుకీ పెళ్లికీ కార్చిచ్చుకీ కుర్రాళ్లు ఒకప్పుడు చేసిన పనులేమిటో పెద్దలనడిగి రాసుకోవాలి. ఆగిపోయిన వాటిలో ఒకటి ఎంచుకుని, వంతులేసి, మతం చూడకుండా ఊరందరికీ చేయాలి. పాట గూడెం భాషలోనే కట్టించాలి. డోలు నేర్పడానికి ముసలి వాద్యకారుణ్ణి పిలవాలి, ఆయన బాప్తిస్మం తీసుకున్నాడా అని అడక్కుండా.