సవరణ: అమెరికా డిస్కులు ఆడకపోవడం లెన్సు లోపం కాదు

చెన్నై టీ నగర్ పరిసరాల్లోని కొన్ని తెలుగు కుటుంబాలు వాడుతున్న ఒక చవక డీవీడీ ప్లేయరు గురించి వారి అభిప్రాయాలను కూర్చి గత వారం రాసినప్పుడు, అమెరికా నుంచి పిల్లలు తెచ్చిన సినిమా డిస్కులు అందులో ఆడకపోవడానికి నాసిరకం లెన్సే కారణమని పేర్కొన్నాను. అది తప్పు. వాడుతున్నవారు చెప్పినది డిస్కులు ఆడటం లేదని మాత్రమే. లెన్సు మాట నా ఊహ.

ప్లేయరుతో వచ్చిన సూచనల పుస్తకాన్నీ, డీవీడీ రీజియన్ కోడ్‌ల (ప్రపంచాన్ని ప్రాంతాలుగా విడగొట్టి, డిస్కులకూ ప్లేయర్లకూ ఇచ్చే అంకెల) పట్టికనూ చూశాక అసలు సంగతి తెలిసింది. అమెరికా 1వ రీజియన్‌లోనూ, భారతదేశం 5వ రీజియన్‌లోనూ ఉన్నాయి కనుక, 5కే పరిమితం చేసిన ప్లేయరు, లెన్సు ఎంత మంచిదైనా, 1వ కోడ్ మాత్రమే ఉన్న డిస్కును తిరస్కరిస్తుంది. డిస్కు అట్ట వెనుక భూగోళం బొమ్మలో కనిపించే అంకె ఆ కోడే (నేను ఇన్నాళ్లూ దాన్ని అలంకారమనుకున్నాను). కోడ్ పరిమితి లేని పెళ్లి డీవీడీలు చక్కగా ఆడుతున్నాయని ఆ కుటుంబాలవారే చెప్పారు. ఆ మాటను అప్పుడే పట్టించుకోవలసింది.

గీతలు పడ్డ డిస్కుల దగ్గర బొమ్మ ఆగిపోతోందని గత వారం రాసిన ఫిర్యాదులో మాత్రం మార్పు లేదు.