విమానం సరే, ముందు బాత్రూం తాళం తీయించండి

ఒడిశాలో మా జైపూర్‌కి విమానం వచ్చిన దగ్గర్నుంచి మా కొరాపుట్ జిల్లా టూరిజం దశ తిరిగిపోతుందన్న మాట వింటూనే ఉన్నాను. 2022 అక్టోబరు 31న భువనేశ్వర్‌కి మొదటి విమానం ఎగిరినప్పుడు ఊరంతా సంబరపడింది, నేనూ సంబరపడ్డాను. రాత్రంతా బస్సులో నడుం పడిపోయేలా కూర్చుని సుమారు 500 కిలోమీటర్లు వెళ్లాల్సిన చోటికి పగటిపూట తేలిగ్గా చేరిపోవడమంటే మాటలు కాదు, ఆసుపత్రి పనున్నవాళ్లకి అది ఎంత మేలో ఇక్కడ బతికేవాళ్లకి తెలుసు. దాన్ని తక్కువ చేయడానికి ఈ పోస్టు రాయడం లేదు. కానీ ఆ చిన్న సెస్నా విమానంలో సీట్లు 9. చలికాలం పొద్దున పొగమంచు పట్టిందంటే అదీ కదలదు, మా వైపు జనం తిరిగే సీజనేమో సరిగ్గా ఆ చలికాలమే.

మరి మా జిల్లా చూడటానికి నిజంగా వస్తున్నదెవరు? సాలూరు ఘాట్ ఎక్కి బొలెరోల్లో వచ్చే పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం కుటుంబాలు. అరకులో దిగిపోకుండా కిరండూల్ పాసింజర్లో ఇంకా ముందుకొచ్చే వైజాగ్ వాళ్లు. ఇక్కడే పుట్టి పెరిగిన మాలాంటి తెలుగువాళ్లం, ఒడియా ఇరుగుపొరుగు, దమన్‌జోడి, సునాబెడ ఫ్యాక్టరీల్లో పనిచేసే వాళ్ల ఇళ్లు. అమ్మమ్మ, ఇద్దరు అత్తలు, చంటిబిడ్డ, వెనక సీట్లో పులిహోర గిన్నె, కూర క్యారేజీ, నీళ్ల డబ్బా. టూరిస్టులంటే వీళ్లే. వీళ్లకి ఏం కావాలని ఎవరూ అడగరు. వ్యూ పాయింటు కడతారు, ఊరి పేరు పెద్ద పెద్ద అక్షరాలతో నిలబెట్టి సెల్ఫీ పాయింటంటారు.

ఆడవాళ్లకి కావాల్సింది ముందు బాత్రూం. ఇది రాయడానికి నాకేం సిగ్గు లేదు, చదివేవాళ్లూ సిగ్గుపడక్కర్లేదు. పిక్నిక్ అనగానే మా ఇంట్లో ఆడవాళ్లు చేసే మొదటి పని పొద్దున్నించి నీళ్లు మానేయడం. టీ కూడా వద్దంటారు. మా అత్తయ్యకి షుగరు, ఆవిడ నీళ్లు మానకూడదు, మానకపోతే దారిలో ఇబ్బంది, అందుకని రెండేళ్ల నుంచి ఎక్కడికి రమ్మన్నా "మీరెళ్లి రండమ్మా, నేను ఇల్లు చూసుకుంటాను" అంటున్నారు. ఆవిడకి తిరగాలని లేక కాదు. పోయిన చలికాలం ఒక జలపాతం దగ్గర బాత్రూం ఉంది, నీలం రంగు తలుపు, గోడ మీద ఆడ బొమ్మ, మగ బొమ్మ, అన్నీ ఉన్నాయి. తలుపుకి తాళం. తుప్పు చూస్తే ఆ తాళం ఎన్నాళ్లుగా తీయలేదో తెలుస్తోంది. తాళం చెవి ఎవరి దగ్గరుందని అడిగితే టీ బడ్డీ అతను పార్కింగ్ వాళ్లని అడగమన్నాడు, పార్కింగ్ కుర్రాడు ఊళ్లో ఎవరి పేరో చెప్పాడు, ఆ మనిషి సంతకెళ్లాడట. చివరికి మా వదినా నేనూ దుప్పటి అడ్డంగా పట్టుకుని నిలబడ్డాం, వెనక ముళ్లపొదల్లో మా ఆడపడుచు కూతురు, పదమూడేళ్ల పిల్ల. పైన రోడ్డు మీద మగపిల్లల గుంపు డీజే పెట్టి గెంతుతున్నారు. ఆ పిల్ల ఇంటికొచ్చేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

కట్టడానికి డబ్బులొచ్చాయి, కట్టారు, రిబ్బను కత్తిరించారు. రోజూ కడగడానికి మనిషి, ట్యాంకులోకి నీళ్లెక్కడానికి మోటారు, మోటారుకి కరెంటు, వీటికి నెలనెలా అయ్యే ఖర్చు ఎవరి లెక్కలోనూ ఉండదు. జబ్బు అక్కడుంది. కొత్తవి ఇంకో పది కట్టండని నేను అడగను. ఉన్నవి తెరవండి.

గుప్తేశ్వర్ సంగతి తీసుకోండి. జైపూర్ నుంచి బైపరిగుడ మీదుగా సుమారు 60 కిలోమీటర్లు, దారంతా అడవి, చివర్లో కొలాబ్ నది, అవతల ఛత్తీస్‌గఢ్. సున్నపురాతి గుహలో దానంతటదే ఏర్పడిన శివలింగం, రెండు వైపులా సంపెంగ చెట్ల మధ్య నుంచి దాదాపు 200 మెట్లు. ఎండిన పువ్వు మెట్టు మీద పడితే వంగి తీసి కొంగున ముడేసుకునే పెద్దమ్మలు మా ఇంట్లో ఉన్నారు, వాళ్లకి అంత ఇష్టమైన చోటు. శివరాత్రికి, శ్రావణంలో బోల్‌బం అంటూ శివుడికి నీళ్లు మోసుకొచ్చే కావిళ్లకి జనం ఎలా వస్తారో చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. 2024లో ఆ అడవిని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు, గర్వంగా ఉంది. ఆ మెట్లెక్కేవాళ్లలో సగం మందికి మోకాళ్ల నొప్పులు. పట్టుకోవడానికి కమ్మీ, ముప్ఫై మెట్లకో చోట కూర్చోవడానికి గట్టు, తాగడానికి మంచినీళ్లు, ఏ కాలంలో వెళ్లినా ఇవి ఉండాలి, జాతరప్పుడు మాత్రమే కాదు. పొద్దున వెళ్లినవాళ్లు సాయంత్రం తిరిగి రావడానికి బస్సు ఉండాలి. సొంత బండి లేని కుటుంబం ఆటో మాట్లాడుకుంటే అయ్యే ఖర్చుకి, కూలి పనికెళ్లే ఇంటివాళ్లు అసలు బయల్దేరరు.

ఇక డుడుమ జలపాతం. మాచ్‌ఖండ్ నది 150 మీటర్లకు పైగా ఎత్తు నుంచి దూకుతుంది, ఆ చప్పుడు వింటే ఎవరికైనా ఇంకాస్త దగ్గరికెళ్లాలనిపిస్తుంది. 2025 ఆగస్టులో అక్కడ వీడియో తీసుకోవడానికి నీళ్లలోకి దిగిన ఒక కుర్రాడు, పైన వర్షాలకి డ్యాం నుంచి నీళ్లు వదలడంతో ప్రవాహం ఒక్కసారి పెరిగి, రాయి మీద చిక్కుకుపోయి, అందరూ చూస్తుండగానే కొట్టుకుపోయాడు. తాడు వేసి లాగాలని చూశారు, కుదరలేదు. ఆ వీడియో కింద "ఇలాంటి వాళ్లకి ఇలాగే కావాలి" అని రాసినవాళ్లని చూసి నాకు వళ్లు మండిపోయింది. వాడి తల్లి చదవదా ఆ మాటలు? అది ఊరికే పారే సెలయేరు కాదు, 1955 నుంచి కరెంటు తీస్తున్న నది, 120 మెగావాట్ల ప్రాజెక్టు, అందులో ఆంధ్రా, ఒడిశా రెండింటికీ వాటా ఉంది. ఎండ కాస్తున్నా పైన గేటు ఎత్తితే కింద నీళ్లు పెరుగుతాయని బయటి నుంచి వచ్చిన కుటుంబానికి ఎలా తెలుస్తుంది? నీళ్లు దూకే చప్పుడులో మైకు మాట వినపడదు. అంత హోరులోనూ వినపడే సైరన్, నీళ్లు ఎంతవరకు వస్తాయో రాళ్ల మీద ఎర్ర గీత, దాటకుండా ఇనుప కంచె, వానాకాలం నాలుగు నెలలు కాపలా మనిషి. కరెంటులో వాటా పంచుకున్న రెండు రాష్ట్రాలు ఈ ఖర్చు కూడా పంచుకోవచ్చు.

బోర్డులు ఒడియాలో, ఇంగ్లీషులో ఉంటున్నాయి, ఉండాల్సిందే. కనీసం ప్రమాద హెచ్చరికలైనా తెలుగులో కూడా పెట్టండి, ఇక్కడి జనం మాట్లాడుకునే దేసియాలో కూడా, నలుగురికీ తెలిసే బొమ్మలతో పెట్టండి. జైపూర్ మహారాజా విక్రమదేవ వర్మ గారు ఏడాదికి లక్ష రూపాయల చొప్పున ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకి ఇచ్చి నిలబెట్టిన మనిషి, తెలుగులో కవిత్వం రాసిన మనిషి. ఆయన ఊళ్లో తెలుగు బోర్డు అడగడానికి నేను మొహమాటపడను.

ఇంకొకటి, ఇది మనవాళ్లకి. గురువారం అంకడెల్లి సంతకి పిల్లల్ని తీసుకెళ్లి "అదిగో బోండాలు, చూడు చూడు" అంటూ ఫోన్లెత్తడం దయచేసి మానండి. ఆ బోండా గిరిజనులు కొండ దిగి వచ్చేది సరుకు అమ్ముకోవడానికి, ఉప్పూ నూనే కొనుక్కోవడానికి. మన ఇంటి ఆడవాళ్లు రైతుబజారులో కూరలు బేరమాడుతుంటే ఎవడో వచ్చి మొహం మీద కెమెరా పెడితే ఊరుకుంటామా? కావాలంటే కొరాపుట్‌లో శబర శ్రీక్షేత్రం అని పిలిచే జగన్నాథుడి గుడి దగ్గరే గిరిజన మ్యూజియం ఉంది, పిల్లలకి అక్కడ నిదానంగా చెప్పండి. సంతకి వెళ్తే వాళ్ల దగ్గర ఏదైనా కొనండి, అడిగిన ధరకి కొనండి.

చెత్త గురించి ఎక్కువ రాయను, రాస్తే నోరు అదుపులో ఉండదు. దేవమాలి ఒడిశా మొత్తంలో ఎత్తైన శిఖరం, 1672 మీటర్లు, తెల్లారుజామున మబ్బులు మన కాళ్ల కింద ఉంటాయి. అక్కడ బీరు సీసాలు పగలగొట్టేవాళ్లని ఏమనాలి? చెప్పుల్లేకుండా గడ్డిలో పరిగెత్తే పిల్లల కాళ్లలో దిగుతున్నాయి ఆ పెంకులు.

"సౌకర్యాలు పెడితే జనం ఇంకా వచ్చి పాడుచేస్తారు, ఇలాగే ఉండనివ్వండి" అని మా బావ అంటాడు, చాలామంది అంటారు. బావా, జనం వచ్చేశారు. బాత్రూం లేదని మగపిల్లల గుంపులు ఆగలేదు, ఆగిపోయింది అత్తయ్య లాంటివాళ్లు, చంటిపిల్లల తల్లులు. వాళ్లుండే చోట తాగి గొడవ చేయడానికి ఎవడైనా కాస్త వెనకాడతాడు. మనిషికి ఇరవయ్యో ముప్ఫయ్యో టికెట్ పెట్టండి, సంతోషంగా ఇస్తాం. ఆ డబ్బు దగ్గర ఊరి మహిళా సంఘానికే వదిలేయండి. బాత్రూం కడిగేది వాళ్లే, తాళం చెవి ఉండేది వాళ్ల దగ్గరే, పక్కన మాండియా (రాగి) అంబలీ, వేడి వేడి బరా గుగునీ (గారెలు, బఠాణీ కూర), కొరాపుట్ కాఫీ అమ్ముకునేదీ వాళ్లే. అరకు వెళ్లి కాఫీ తాగి ఫొటో పెట్టే మనకి, ఇక్కడ కాఫీ తోట పక్క ఊళ్లో ఒక కప్పు కాఫీ దొరకదు.

కార్తీకంలో వనభోజనాలకి మా వైపు చుట్టాలు వస్తామంటున్నారు. ఈసారి అత్తయ్యని ఎలాగైనా తీసుకెళ్లాలి. అందుకని జైపూర్, కొరాపుట్, సునాబెడ, రాయగడ చుట్టుపక్కల వాళ్లందరినీ అడుగుతున్నాను: మీరు ఈమధ్య ఎక్కడికైనా వెళ్లుంటే ఊరి పేరు, ఏ నెలలో వెళ్లారు, బాత్రూం తెరిచుందా, అందులో నీళ్లున్నాయా, పెద్దవాళ్లు నడవగలరా, తిరుగు బస్సు ఎన్నింటికి, ఇంతే రాయండి. అన్నీ ఒకచోట చేర్చి ఇక్కడే పెడతాను, ఆ కాయితమే ప్రింటు తీసి కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఇస్తాను.