బడి లెక్కల్లో అమ్మానాన్నలు

వార్షికోత్సవానికి చందా కావాలన్నా, ప్రహరీ గోడ కూలిందన్నా, పిల్లాడికి మార్కులు తగ్గాయన్నా బడి నుంచి తల్లిదండ్రులకు కబురు వస్తుంది. ఆ చందా దేనికి ఖర్చయిందో చెప్పడానికీ, గోడ ముందు కట్టాలా మరుగుదొడ్డి ముందు బాగుచేయాలా అని అడగడానికీ మాత్రం రాదు. తల్లిదండ్రులు బడికి అండగా నిలవాలని అందరూ అంటున్నదే. సాయం అడిగే బడి, సలహా కూడా అడగాలన్నది మా వాదన.

ఇది కొత్త కోరికేమీ కాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రభుత్వ బడుల్లో యాజమాన్య కమిటీలు ఉండాలంది. సభ్యుల్లో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులై ఉండాలి, సగం మంది మహిళలు కావాలి. గ్రాంట్లు ఎలా ఖర్చవుతున్నాయో చూడటం, బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చేయడం వారి పనులే. న్యూజిలాండ్‌లో 1989 సంస్కరణలు బడి పాలనను తల్లిదండ్రులు ఎన్నుకున్న బోర్డుల చేతికిచ్చాయి. అమెరికాలోని షికాగోలో 1988 చట్టంతో ఏర్పడ్డ స్థానిక మండళ్లలో తల్లిదండ్రులదే పెద్ద సంఖ్య. ప్రిన్సిపాల్‌ను ఎంపిక చేసే అధికారం కూడా వాటికి దక్కింది.

చట్టంలో ఉన్న కమిటీ బడిలో కనబడాలంటే ముందు సమావేశం వేళ మారాలి. పనిదినాన పదకొండు గంటలకు రమ్మంటే కూలికి వెళ్లే తల్లి ఆ రోజు సంపాదన వదులుకోవాలి. రాకపోతే, 'వీళ్లకు పిల్లల చదువంటే పట్టదు' అనేస్తారు. వచ్చినవారికీ ఒక బెరుకుంటుంది: చదువుకోని మనం టీచర్ల ముందు ఏం మాట్లాడతాం? నిజానికి తరగతి గది కురుస్తోందనీ, కుళాయిలో నీళ్లు రావడం లేదనీ, ఆడపిల్లలు మరుగుదొడ్డికి వెళ్లలేక రోజంతా నీళ్లు తాగడం మానేశారనీ చెప్పడానికి డిగ్రీ అక్కర్లేదు. ఆ సంగతులు ఇంట్లో వారికే ముందు తెలుస్తాయి. కొందరు హెడ్మాస్టర్లు వాట్సాప్ గ్రూపు పెట్టేసి సంప్రదింపులు పూర్తయ్యాయనుకుంటారు. శుభోదయాల మధ్య అసలు సమస్య ఎక్కడ మునిగిపోతుందో గ్రూపులో ఉన్న అందరికీ తెలుసు.

చందాల విషయంలో మరో చిక్కుంది. స్తోమత ఉన్న తల్లిదండ్రులున్న చోట ల్యాబ్, లైబ్రరీ వస్తాయి. లేనిచోట పాత బెంచీలే మిగులుతాయి. తల్లిదండ్రుల సాయం ప్రభుత్వ ఖర్చుకు బదులు కాకూడదు. ఇచ్చినవారి పేర్లు బోర్డు మీద రాసి, ఇవ్వలేనివారి పిల్లలను చిన్నబుచ్చకూడదు.

టీచర్ల భయాన్నీ కొట్టిపారేయలేం. పాఠం ఎలా చెప్పాలో, ఎవరికి ఎన్ని మార్కులెయ్యాలో తల్లిదండ్రులు శాసించడం మొదలుపెడితే బడి నడవదు. నచ్చని టీచరును సాగనంపడానికి కమిటీని వాడుకునే పెద్దమనుషులూ ఉంటారు. బోధన టీచరుదే. డబ్బు, వసతులు, భద్రత మాత్రం ఉమ్మడి వ్యవహారం.

కాబట్టి విద్యాశాఖ చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. సమావేశాలు సాయంత్రం పెట్టించాలి. వచ్చిన నిధులు, అయిన ఖర్చు నోటీసు బోర్డు మీద తెలుగులో రాయించాలి. ఇంటికి రిజిస్టరు పంపి సంతకాలు చేయించుకునే పద్ధతిని ఆపాలి. ప్రతి సమావేశంలో మొదటి అంశంగా, గతసారి చేసిన తీర్మానాల్లో ఏది అమలైందో, కానిది ఎందుకు ఆగిందో హెడ్మాస్టరు చదివి వినిపించాలి.